పోర్షే 911లో అదనపు ఆయిల్ కూలర్

గాలితో చల్లబడే పాత పోర్షే 911 కార్లలో ఇంజిన్ ఆయిల్ వేడి తగ్గించడానికి కారు ముందు భాగంలో అమర్చే రెండో కూలర్‌ను అదనపు ఆయిల్ కూలర్ అంటారు. 1969 మోడల్ 911 ఎస్‌లో కంపెనీయే దీన్ని బిగించి ఇచ్చింది. ఆ సదుపాయం లేకుండా వచ్చిన కార్లకు యజమానులు తర్వాత పెట్టించుకోవడం మామూలైంది.

911 కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. దాని ఆరు సిలిండర్ల, రెండు లీటర్ల ఇంజిన్ వెనక చక్రాల ఇరుసు దాటి కారు చివర్న ఉంటుంది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ సిలిండర్ల మీదికి, వాటి హెడ్‌ల మీదికి గాలి తోస్తుంది. అయితే పిస్టన్ల అడుగుకీ బేరింగులకీ ఆ గాలి చేరదు. అక్కడి వేడిని మోసుకురావలసింది ఆయిలే. కాబట్టి ఈ ఇంజిన్ గాలితో ఎంతగా చల్లబడుతుందో ఆయిల్‌తోనూ అంతగా చల్లబడుతుందని చెప్పడమే సరైనది.

మొదటి 911లో ఆయిల్ కూలర్ ఒక్కటే. అది ఇంజిన్‌కే కుడి పక్కన అంటుకుని ఉండేది. సిలిండర్లకు గాలినిచ్చే ఫ్యానే దానికీ గాలి పంచాలి. 130 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఆ ఏర్పాటు చాలింది. 1969 మోడల్ 911 ఎస్‌లో మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి శక్తి 170 హార్స్‌పవర్‌కు పెరిగేసరికి చాలలేదు. అప్పుడు కుడి ముందు చక్రం మడ్‌గార్డ్ లోపల రెండో కూలర్ పెట్టారు. ఫ్యాన్ మీద భారం పెంచకుండా, కారు పరుగెత్తేటప్పుడు ఎదురొచ్చే చల్లగాలినే వాడుకోవడం ఇందులోని తెలివి. వెనక బరువు ఎక్కువైన ఈ కారుకు ముందు కాస్త బరువు చేరడమూ మేలే.

రెండు కూలర్లూ ఒకే దారిలో ఉండవు. 911లో ఆయిల్ ఇంజిన్ అడుగున నిలవ ఉండదు, వెనక చక్రం దగ్గర విడిగా ఉన్న ట్యాంకులో ఉంటుంది. ఒక పంపు ట్యాంకు ఆయిల్‌ను ఒత్తిడితో ఇంజిన్‌కు పంపుతుంది. ఇంజిన్ మీది కూలర్ ఈ వైపుది. పని ముగించుకుని కిందికి జారిన వేడి ఆయిల్‌ను రెండో పంపు లాగి తిరిగి ట్యాంకుకు తోస్తుంది. ముందు కూలర్ ఈ తిరుగుదారిలో ఉంటుంది. కుడి వెనక చక్రం దగ్గరున్న థర్మోస్టాట్ ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు దాన్ని నేరుగా ట్యాంకుకు పోనిస్తుంది. వేడి సుమారు 85 డిగ్రీల సెల్సియస్ చేరాక తలుపు కింద అంచు వెంట సాగే లోహపు గొట్టాల ద్వారా ముందుకు మళ్ళిస్తుంది. చల్లని చిక్కటి ఆయిల్ ఒత్తిడికి కూలర్ పగలకుండా దీనిలోనే మరో కవాటం ఉంది. అంతా కలిపి చూస్తే కూలర్ కంటే ఈ థర్మోస్టాటే అసలు ఆయువుపట్టు.

రేసు కార్లకు మడ్‌గార్డ్ చోటు సరిపోలేదు. 1973లో డేటోనా 24 గంటల పందెం గెలిచిన కారెరా ఆర్‌ఎస్‌ఆర్ తరహా కార్లలో ముందు బంపర్ నడుమ పెద్ద రంధ్రం చేసి, దాని వెనక వెడల్పాటి కూలర్ నిలిపారు.

మామూలు రోడ్డు కార్లలో వేడి సమస్య ముదిరింది 1974 నుంచి 1977 దాకా వచ్చిన 2.7 లీటర్ల ఇంజిన్లలో. వాటి క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమం. అమెరికాకు పంపిన చాలా కార్లకు పొగ కాలుష్యం తగ్గించే థర్మల్ రియాక్టర్లు తగిలించడంతో ఇంజిన్ చుట్టూ వేడి మరీ పెరిగింది. సిలిండర్లను బిగించి పట్టే స్టడ్లు క్రాంక్‌కేసులోంచి మరలతో సహా ఊడివచ్చేవి. ముందు కూలర్ ఒక్కటే దీనికి మందు కాదు, స్టడ్ల రంధ్రాలకు ఉక్కు ఇన్సర్టులు వేయడమూ తప్పనిసరైంది. 1978లో వచ్చిన 911 ఎస్‌సి క్రాంక్‌కేసు అల్యూమినియంకు మారింది.

ముందు కూలర్ రూపమూ మారింది. కొన్నేళ్ళు వంకర తిప్పిన గొట్టమే కూలర్‌గా ఉండేది. ఆకారాన్ని బట్టి అభిమానులు దాన్ని ట్రాంబోన్ అన్నారు. ట్రాఫిక్‌లో కారు నిలిచిపోతే దానివల్ల ఒరిగేది తక్కువ. 1980ల్లోని 3.2 లీటర్ల కారెరాకు రేకులున్న రేడియేటర్ తరహా కూలర్, తర్వాత దానికి విద్యుత్ ఫ్యాన్ వచ్చాయి. 1989 నాటి 964 తరంలో ఇంజిన్ మీది కూలర్‌నే తీసేసి ఆ పనంతా ముందు కూలర్‌కు అప్పగించారు. గాలితో చల్లబడే 911 ఉత్పత్తి 993 తరంతో 1998లో ముగిసింది.

పాత కారుకు కూలర్ చేర్చేవాళ్ళు ఎక్కువగా పెద్ద రేడియేటర్ కొనడం మీదే దృష్టి పెడతారు. లోపలికి వచ్చిన గాలి మడ్‌గార్డ్ వెనక నుంచి బయటికి పోయే దారి లేకపోతే ఎంత పెద్ద కూలరైనా వృథా. పాత గొట్టాల నట్లు థర్మోస్టాట్ అల్యూమినియం మరలకు పట్టేసి ఉంటాయి. బలవంతంగా తిప్పితే మరలే చెడిపోతాయి, అందుకని అనుభవజ్ఞులు వేడి చేసి విప్పుతారు, కాకుంటే చవకైన గొట్టం నట్టునే కోసేస్తారు. కొత్త కూలర్, గొట్టాలు నిండాక ఆయిల్ కొలత మారిపోతుంది. ఇంజిన్‌ను వేడెక్కించి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక, చదునైన నేల మీద ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్‌తో చూసి కొద్దికొద్దిగా పోయాలి. ఆపిన ఇంజిన్‌లో చూసిన కొలత ఈ కారులో నమ్మదగింది కాదు.