కాణిపాకం ప్రమాణం, కరెంటు విచారణ

మన చిత్తూరు పల్లెల్లో తగవు ఎంతకీ తెగకపోతే చివరికి ఒక మాట వస్తుంది: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అప్పు తీసుకోలేదన్నవాడైనా, గట్టు జరపలేదన్నవాడైనా కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడాలి. అక్కడ అబద్ధమాడేందుకు భయపడి, దారిలోనే తప్పు ఒప్పుకున్నవాళ్ల కథలు మన అవ్వలు ఎన్నో చెప్పేవాళ్లు. నమ్మకం ఎవరిది వాళ్లది. ఆ ఆచారంలో ఉన్న న్యాయం మాత్రం అందరికీ అర్థమవుతుంది. మాట అన్నవాడు నలుగురి ముందుకు వచ్చి చెప్పాలి, విన్నవాళ్లు అడగాలి.

కరెంటు ధరల విషయంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటుంది. కరెంటు కంపెనీ తన లెక్కలను ప్రమాణపత్రంతో సమర్పించాలి. ఆ లెక్కల మీద అడిగే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది. గుడిసెలో ఒక్క బల్బు వెలిగించుకునే యానాది తల్లికీ ఉంది, బోరు మోటారు నడిపే సుగాలీ రైతుకూ ఉంది. ఆ హక్కు ఎలా వచ్చిందో, దాన్ని మనం ఎంతవరకు వాడుకున్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

ఏతం నుంచి మోటారు దాకా

కాణిపాకం స్థలపురాణం కూడా ఒక బావి కథే. ముగ్గురు అన్నదమ్ములు ఏతంతో నీళ్లు తోడి కాణి నేల సాగు చేసుకునేవాళ్లని, బావి ఎండిపోతే లోతు తవ్వుతుండగా స్వామి విగ్రహం బయటపడిందని చెబుతారు. కథలో ఉన్న కరువు మాత్రం కట్టుకథ కాదు. బాహుదా నది ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. మన నేలకు పెద్ద కాలువలు లేవు. ఏతం పోయి కపిల వచ్చింది, కపిల పోయి ఆయిలు ఇంజను వచ్చింది, తర్వాత కరెంటు మోటారు వచ్చింది. నీళ్లు లోతుకు దిగిన కొద్దీ మోటారు పెద్దదైంది, కరెంటు ఎక్కువ కావలసి వచ్చింది. అందుకే మన వైపు కరెంటు ధర అంటే నీటి ధర, నీటి ధర అంటే కూటి ధర.

పాత చిత్తూరు జిల్లాలో సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు యానాదులం, మదనపల్లె వైపు తండాల్లో సుగాలీలం, ఊరూరా ఎరుకలవాళ్లం ఉన్నాం. మన జిల్లా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి రాదు. కాబట్టి అరకు, పాడేరు, రంపచోడవరం వైపు గిరిజనులకు పీసా చట్టం ఇచ్చిన ప్రత్యేక గ్రామసభ అధికారాలు మనకు లేవు. అందరికీ ఉన్న వేదికలే మనకూ వేదికలు. వాటిలో మన గొంతు లేకపోతే మన తరఫున మాట్లాడేవాళ్లు వేరే లేరు.

బోర్డు రోజులు

1948 విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం రాష్ట్రాలకు విద్యుత్ బోర్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. మాచ్‌ఖండ్‌లో 1955లో ఉత్పత్తి మొదలైంది, తర్వాత సీలేరు వచ్చింది. ఆ నీళ్లన్నీ గిరిజనుల కొండల మీద నుంచి దిగినవే. కొండల్లో పుట్టిన కరెంటు పట్నాలకు ముందు చేరింది, గిరిజన గూడేలకు చివర చేరింది. ఈ వరస మన పిల్లలకు తెలియాలి.

బోర్డు రోజుల్లో ధర పెంచాలంటే బోర్డూ ప్రభుత్వమూ అనుకుంటే చాలు. పెంచిన సంగతి జనానికి పేపరు చూస్తేనో బిల్లు చూస్తేనో తెలిసేది. ఎందుకు పెంచారని అడగడానికి చోటు లేదు. బోర్డు మంచి పనులూ చేసింది. పల్లెలకు తీగ లాగింది, రైతులకు తక్కువ ధరకు కరెంటిచ్చింది. లెక్క చూపించే అలవాటు మాత్రం లేదు. వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేవు కాబట్టి, దొంగతనంగా పోయిన కరెంటు, తీగల్లో పోయిన కరెంటు కొంత రైతు ఖాతాలో రాసేవారన్న విమర్శ తర్వాత విచారణల్లో గట్టిగా వినబడింది.

1998 చట్టం, 2000 ఆగస్టు

ధరలు నిర్ణయించే పనిని ప్రభుత్వం నుంచి, కంపెనీల నుంచి వేరు చేసి ఒక కమిషన్‌కు ఇవ్వడం అమెరికాలో పాత పద్ధతి. న్యూయార్క్, విస్కాన్సిన్ రాష్ట్రాలు 1907లోనే అలాంటి కమిషన్లు పెట్టుకున్నాయి. మన దేశంలో ఒడిశా 1995లో చట్టం చేసి ముందు నడిచింది. ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కో చేశారు. అదే ఏడాది విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో నాలుగు పంపిణీ కంపెనీలు వచ్చాయి. వాటిలో మన దక్షిణ ప్రాంత కంపెనీ ముఖ్య కార్యాలయం తిరుపతిలో పెట్టారు.

ఈ సంస్కరణల వెనుక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. ఆ అప్పుతో పాటు ధరలు ఏటా పెరగాలన్న ఒత్తిడి వచ్చిందని వామపక్షాలు, రైతు సంఘాలు అన్నాయి. కమిషన్ బహిరంగ విచారణ జరిపి 2000 మే నెలలో మొదటి ధరల ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్ల బిల్లులు బాగా పెరిగాయి. ఆ వేసవి అంతా ఊళ్లలో బిల్లులు తగలబెట్టారు, సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్నారు. ఆగస్టు 28న హైదరాబాదులో చలో అసెంబ్లీ ఊరేగింపు మీద బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. విచారణ జరిగింది. అయినా జనం వీధుల్లోకి వచ్చారు. ఎందుకంటే ఆ విచారణ సంగతి పల్లెకు తెలియదు. వందల పేజీల ఇంగ్లీషు లెక్కలు చదివి అడగగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వీధిలో వినిపించిన గొంతు హాల్లో వినిపించలేదు. ఆ దెబ్బ రాజకీయాలను కూడా మార్చింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే చేశారు.

అడిగే హక్కు చట్టమైంది

వీధి పోరాటం ఒకవైపు, కోర్టులో వాదన ఇంకోవైపు నడిచాయి. కలకత్తాకు కరెంటు ఇచ్చే కంపెనీ కేసులో 2002లో సుప్రీంకోర్టు, ధరలు నిర్ణయించేటప్పుడు తమ మాట వినిపించుకునే హక్కు వినియోగదారులకు చట్టం ఇచ్చిందని చెప్పింది. మరుసటి ఏడాది, 2003 విద్యుత్ చట్టం వచ్చింది. అందులో 64వ సెక్షను మనం గుర్తుపెట్టుకోవలసినది. కంపెనీ తన దరఖాస్తును జనానికి తెలిసేలా ప్రచురించాలి. జనం నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించిన తర్వాతే, 120 రోజుల లోపల కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి.

65వ సెక్షను కూడా మనకు సంబంధించిందే. ప్రభుత్వం ఎవరికైనా కరెంటు ఉచితంగానో తక్కువకో ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు కంపెనీకి ముందుగా కట్టాలి. గిరిజన ఇళ్లకు ఉచిత యూనిట్లు 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చిన కాలంలో నెలకు 50తో మొదలయ్యాయి, 2019లో 200కు పెరిగాయి. ఆ యూనిట్లు కంపెనీ పెట్టే భిక్ష కాదు. ప్రభుత్వం మన పేరు మీద కట్టవలసిన బాకీ. ఈ తేడా తెలిసినవాడు ఆఫీసు కిటికీ దగ్గర బతిమాలడు, అడుగుతాడు.

మాకు తెలిసిన ఒక కాలనీలో అర్హత ఉన్న కొన్ని ఇళ్లకు నెలల తరబడి బిల్లు వచ్చింది. కులపత్రం మీటరు నంబరుకు కలవలేదన్నారు. కొందరు అప్పు చేసి కట్టారు, కొందరి ఫ్యూజు పీకేశారు. "రాసివ్వండి" అని ఒక్కరూ చెప్పలేదు, రాసివ్వాలని మనకూ తోచలేదు. నోటితో చెప్పిన మాట ఆ గది దాటలేదు.

ఒక నోటీసు విలువ

కాగితం విలువ ఏమిటో 2021లో మన రాష్ట్రం చూసింది. 2014 నుంచి 2019 దాకా ఐదేళ్లలో ఖర్చు అంచనా దాటిందని, ఆ తేడా ఇప్పుడు వసూలు చేసుకోవాలని పంపిణీ కంపెనీలు అడిగాయి. దీన్నే ట్రూ అప్ అంటారు. ఆగస్టులో కమిషన్ సుమారు 3,669 కోట్ల రూపాయలకు అనుమతి ఇచ్చింది. అందులో పెద్ద భాగం మన దక్షిణ కంపెనీదే. సెప్టెంబరు బిల్లుల్లో ఆ మొత్తం పడింది. ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు డబ్బేమిటని జనం ఆశ్చర్యపోయారు.

అప్పుడు కొందరు అడిగిన ప్రశ్న చాలా చిన్నది: దీని గురించి పేపర్లలో బహిరంగ ప్రకటన ఇచ్చారా? ఆ ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. ప్రకటన సరిగా వెలువడలేదని తేలింది. కమిషన్ తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుంది. వసూలు చేసిన డబ్బును తర్వాతి బిల్లుల్లో సర్దమంది. మళ్లీ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, 2022లో కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఈసారి అనుమతించిన మొత్తం తగ్గింది, వసూలుకు ఎక్కువ నెలల గడువు వచ్చింది.

భారం పూర్తిగా పోలేదు, నిజమే. కానీ జనానికి చెప్పకుండా చేసిన పని నిలబడదని తేలింది. వేల కోట్ల ఉత్తర్వు ఒక నోటీసు దగ్గర ఆగింది. బషీర్‌బాగ్‌లో ప్రాణాలు ఇచ్చినవాళ్ల త్యాగానికీ ఈ నోటీసుకూ సంబంధం ఉందని మేము నమ్ముతాం. జనం ఊరుకోరన్న జ్ఞాపకం లేకపోతే చట్టంలోని అక్షరం ఒట్టి అక్షరమే.

ఆ హాల్లో ఏం జరుగుతుంది

ఏటా నవంబరు చివరికి కంపెనీలు వచ్చే ఏడాది లెక్కలు కమిషన్‌కు ఇవ్వాలి. ఎంత కరెంటు కొంటారు, ఎంత ధరకు, తీగల్లో ఎంత పోతుంది, జీతాలెంత, ప్రభుత్వం ఎంత ఇస్తుంది, మిగిలింది ఎవరి దగ్గర వసూలు చేస్తారు, ఇవన్నీ అందులో ఉంటాయి. తెలుగు, ఇంగ్లీషు పేపర్లలో ప్రకటన వస్తుంది. ఫలానా తేదీలోగా అభ్యంతరాలు రాసి పంపమంటారు. తెలుగులో రాయవచ్చు. ఒక ప్రతి కమిషన్‌కు, ఒక ప్రతి కంపెనీకి పంపి, నేరుగా మాట్లాడదలిస్తే ఆ సంగతి రాయాలి. తర్వాత విచారణ జరుగుతుంది. కమిషన్ తిరుపతిలో కూర్చుని విన్న సందర్భాలూ ఉన్నాయి. కాణిపాకం నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే.

రాసిన అభ్యంతరానికి కంపెనీ జవాబివ్వాలి. కమిషన్ తన ఉత్తర్వులో అభ్యంతరం, జవాబు, తన అభిప్రాయం వరసగా అచ్చువేస్తుంది. అడిగినవాళ్ల పేర్లూ ఉంటాయి. అలా పాతికేళ్లుగా పట్టు వదలకుండా అడిగినవాళ్లున్నారు. పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు, విద్యుత్ నియంత్రణ మీద ప్రజా పరిశీలక బృందం నడిపిన ఎం. తిమ్మారెడ్డి వారిలో ముఖ్యులు. ప్రైవేటు కంపెనీలతో చేసుకున్న కొనుగోలు ఒప్పందాలను, వ్యవసాయ వినియోగం లెక్కలను వాళ్లు పేజీపేజీ చదివి ప్రశ్నించారు. వాళ్లు చదివింది అందరూ చదవగలిగేదే.

ఆ పేర్ల పట్టికలో మన తండా పేరు, మన కాలనీ పేరు ఎన్నిసార్లు ఉంది? పరిశ్రమల సంఘాలు ఏటా వస్తాయి. రైల్వే వస్తుంది. రైతు సంఘాలు వస్తాయి. అడిగినవాళ్లకు జవాబు అచ్చులో దొరుకుతుంది. అడగనివాళ్లు ఉత్తర్వులో ఒక గడిలో అంకెగా మిగులుతారు.

మనం చేయగలిగింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంజనీరింగు చదివితేనే ఇది వస్తుందని అనుకోవద్దు. మన ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఎన్ని రోజులకు మార్చారో రాయండి. ఇళ్ల మీద వేలాడే తీగ ఎన్నిసార్లు చెప్పినా సరిచేయలేదా, తేదీలతో రాయండి. మీటరు రీడింగు తీయడానికి మనిషి రాకుండా బిల్లు వచ్చిందా, ఆ బిల్లు జతచేయండి. 1912కు ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అది తీరకపోతే కంపెనీ పరిధిలోని వినియోగదారుల పరిష్కార వేదికకు, అక్కడా తీరకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే దారి 2003 చట్టంలోనే ఉంది.

అటవీ హక్కుల చట్టం కింద పట్టాలున్న ఊళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. ఊరికి కరెంటు లైను వేయడానికి అడవి భూమి హెక్టారు లోపు కావలసి వస్తే, గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చని ఆ చట్టం 3వ సెక్షను చెబుతుంది. అడవి అడ్డమని చెప్పి తండాను చీకట్లో ఉంచితే ఆ సెక్షను చూపించండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఎనిమిదో తరగతి పిల్లల చేత వాళ్ల ఇంటి కరెంటు బిల్లు తెప్పించండి. యూనిట్లు, స్లాబులు, స్థిర ఛార్జీ, ట్రూ అప్, సబ్సిడీ ఏమిటో గణితం పీరియడులో విడదీసి చూపండి. నవంబరు, డిసెంబరుల్లో పేపరు ప్రకటన కత్తిరించి బడి గోడకు అంటించండి. పిల్లలు రాసిన ప్రశ్నలను పెద్దల సంతకాలతో పంపించండి. ఒక బడి ఒక ఉత్తరం రాస్తే చాలు, మరుసటి ఏడాది ఆ ఊరికి దారి తెలుస్తుంది.

మన అవ్వలకు చదువు రాలేదు, అయినా ప్రమాణం ముందు అబద్ధం నిలబడదని తెలుసు. కంపెనీ లెక్క కూడా ప్రమాణం చేసి ఇచ్చిందే. అయితే కాణిపాకంలో ప్రమాణం చేసేవాడి ఎదురుగా రెండో పక్షం నిలబడి ఉంటుంది. తిరుపతి హాల్లో ఆ రెండో పక్షం మనం. ఈసారి ప్రకటన వచ్చినప్పుడు మన కుర్చీ ఖాళీగా ఉండకూడదు.