మామిడాకు మీది తుప్పు మచ్చ

గుంటూరు, ప్రకాశం మిరప రైతుకు ఆకు చదవడం వచ్చు. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. పత్తి ఆకు బంకబంకగా ఉండి మసి పూసినట్టు నల్లబడితే తెల్లదోమ చేరినట్టే. 1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడిన ఏళ్ళను పెద్ద రైతులు ఇంకా తలుచుకుంటారు. ఆ నల్లటి బూజు ఆకును తినదు. దోమ వదిలిన తీపి బంక మీద బతుకుతుంది. బూడిద తెగులు మాత్రం ఆకు రసాన్నే పీలుస్తుంది.

ఈ రెండూ శిలీంద్రాలే. ఆకెక్కిన శిలీంద్రానికి ఇంకో బతుకుతెరువు కూడా ఉంది. ఎండలో పిండిపదార్థం తయారుచేసే నాచును తనలో పెట్టుకుని, దాని సంపాదన మీద బతకడం. ఆకు ఊరికే కూర్చునే చోటు. ఈ జంటనే లైకెన్ అంటారు. బిర్యానీలో వేసే రాతిపువ్వు లైకెనే, కాకపోతే అది రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరుగుతుంది. ఆకుల మీదే పెరిగేవి వేరే ఉన్నాయి. చాలావరకు పైసాకంటే చిన్న మచ్చలు, కొన్ని బూడిదరంగు, కొన్ని పచ్చ, కొన్ని వెండిలా మెరిసేవి.

వాటిని మిరప చేలో వెతకడం దండగ. లైకెన్ పెరుగుదల నత్తనడక. ఆకు కనీసం ఏడాది, వీలైతే రెండు మూడేళ్ళు చెట్టునే ఉండాలి, నీడా తేమా ఏడాది పొడుగునా దొరకాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటి వేసవి ముదిరేలోపు పీకేసే మిరపకు అంత ఆయుష్షు లేదు. మధ్యలో గంధకం, రాగి మందుల పిచికారీ ఒకటి. శిలీంద్రాన్ని చంపడానికే అవి పుట్టాయి. పడమటి నల్లమలకు పోయినా పెద్ద తేడా ఉండదు. అక్కడి చెట్లు చాలావరకు ఎండాకాలంలో ఆకు రాల్చేస్తాయి.

కానీ ఈ జంటలో సగం మన మామిడి, జామ తోటల్లోనే ఉంది. ఒత్తుగా పెరిగి గాలి ఆడని కొమ్మల్లో, ముదురాకుల మీద తుప్పురంగు మచ్చలు వస్తాయి. భూతద్దం పెడితే నారింజ రంగు నూగు. ఇది బూజు కాదు, కెఫల్యూరోస్ అనే నాచు. నాచు పచ్చగా, నీళ్ళలో ఉండాలని అనుకుంటాం గానీ ఇది ఆకు పైపొర కింద చేరి పెరుగుతుంది. తడి అడవుల్లో స్ట్రిగులా అనే శిలీంద్రం వచ్చి దీన్ని పట్టుకుంటే, అదే మచ్చ లైకెన్ అవుతుంది. లైకెన్ అంటే ఏమిటన్న పెద్ద తగవులో సాక్ష్యం చెప్పింది ఈ మచ్చే.

ఆకు లైకెన్లను మొదట గట్టిగా పట్టించుకున్నది ఫీ అనే ఫ్రెంచి మందుల శాస్త్రజ్ఞుడు. జ్వరానికి వాడే సింకోనా లాంటి బెరడులు పరదేశాల నుంచి వచ్చేవి. వాటి మీద పెరిగినవాటిని పరిశీలించి 1824లో పుస్తకం వెలువరిస్తూ, ఉష్ణదేశాల ఆకుల మీదివాటినీ అందులో చేర్చాడు. అప్పటికి లైకెన్ అంటే ఒకే మొక్క. 1867లో స్విట్జర్లాండుకు చెందిన ష్వెండెనర్, అది ఒకటి కాదు, శిలీంద్రమూ నాచూ కలిసిన జంట అన్నాడు. లైకెన్ పండితులు మండిపడ్డారు. క్రాంబీ అనే స్కాట్లండు మతగురువైతే, శిలీంద్రమనే దుర్మార్గపు యజమాని నాచు కన్యను చెరపట్టాడన్న కథ కడుతున్నారా అని ఎగతాళి చేశాడు.

ప్రయోగశాలలో ఈ జంటను విడదీయడం, మళ్ళీ కలపడం అప్పట్లో మహా కష్టం. ఆకు మీద ఆ పని ప్రకృతే చేసిపెట్టింది. ఒకే చెట్టు మీద ఒంటరి నాచు, శిలీంద్రం అప్పుడే అంటుకున్న నాచు, పూర్తి లైకెన్ పక్కపక్కనే దొరుకుతాయి. 1870ల చివర కలకత్తాలో కలరా మీద పనిచేస్తున్న కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు ఈ నాచును వర్ణిస్తూ, కొన్ని లైకెన్లు తయారవడంలో దీని పాత్ర ఉందని రాశాడు. తర్వాత 1880లో, కాఫీ తోటలను తుడిచిపెడుతున్న తుప్పు తెగులు సంగతి తేల్చడానికి మార్షల్ వార్డ్ సింహళం చేరాడు. అప్పటికి పాతికేళ్ళు దాటిన కుర్రాడు. కాఫీని కాపాడలేకపోయాడు గానీ, అక్కడి ఆకుల మీద స్ట్రిగులా పుట్టుక నుంచి ఎదుగుదల దాకా గమనించి 1884లో ప్రచురించాడు. నాచు ముందు, శిలీంద్రం తర్వాత. ఆ వ్యాసం శీర్షికలోనే, ఈ జాతిని గుర్తుపట్టి పేరు చెప్పింది రెవరెండ్ క్రాంబీ అని ఉంది. ఒప్పుకోని సిద్ధాంతానికి సాక్షిని గుర్తించిపెట్టింది ఆయనే!

తర్వాతిదంతా లెక్కల కాలం. స్వీడన్‌కు చెందిన రోల్ఫ్ శాంటెసన్ 1952లో, ఒకే లైకెన్‌కు పదిమంది పెట్టిన పది పేర్లను ఏరిపారేసి, ఆకు లైకెన్లను మొదటిసారి ఒక క్రమంలో పెట్టాడు. 2008లో రాబర్ట్ ల్యూకింగ్ అమెరికా ఖండపు ఉష్ణ అడవుల మీద 800 పేజీలు దాటిన గ్రంథం తెచ్చాడు. ఆ అడవుల్లో ఒక్క ఆకు మీదే పదుల జాతులు దొరుకుతాయి. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది లక్నోలో ధరణీధర్ అవస్థి వేశారు. ఆకు లైకెన్లు ఈశాన్యంలో, పడమటి కనుమల్లో మెండు. ఆంధ్రప్రదేశ్ లైకెన్ల పట్టికను కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వాళ్ళు లక్నో జాతీయ వృక్ష పరిశోధన సంస్థతో కలిసి పెంచుతూ వచ్చారు. అందులో ఎక్కువ రాళ్ళవీ బెరడులవీ.

మైదానంలో తుప్పు మచ్చకు మందు పాతదే: కొమ్మలు కత్తిరించి గాలీ వెలుతురూ ఆడనివ్వడం, ముదిరితే రాగి మందు కొట్టడం. రైతుకు అది తెగులే, ఆ మాటా నిజమే. శిలీంద్రం తోడు లేని కెఫల్యూరోస్ ఇక్కడ అంతకుమించి ఎదగదు.