అభిషేకం తరువాతి ప్రశ్న: నంద్యాల బిషప్ పుష్ప లలిత, అమెరికా రబ్బీ సాలీ ప్రీసాండ్

2013 సెప్టెంబరు 30న నంద్యాలలో దక్షిణ ఇండియా సంఘపు మోడరేటర్ బిషప్ దేవకడాక్షం గారు రెవ. ఇ. పుష్ప లలిత గారిని బిషప్‌గా అభిషేకించారు. ఆ సంఘంలో ఒక స్త్రీ బిషప్ కావడం అదే మొదటిసారి. సాధారణంగా మనము ఈ 'మొదటి' అనే మాట దగ్గరే ఆగిపోతాము. అయితే ఇది నంద్యాలలో జరిగిందన్న సంగతి అంతకన్నా ఆలోచింపదగినది.

గంగారం ప్రాంతపు కాపరులకు డోర్నకల్ దూరం కాదు, బిషప్ అజరయ్య గారి పేరూ కొత్త కాదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు ఒకప్పుడు ఆ డోర్నకల్ డయోసిస్‌లోనివే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వాటిలో అధిక భాగం అందులో చేరలేదు. బిషప్ హస్తనిక్షేపణ పొందని గురువు పరిచర్య చెల్లుతుందా అన్నది వారి ముఖ్యమైన అభ్యంతరం. 1975లో గాని వారు ఐక్య సంఘంలోనికి రాలేదు. గురుత్వపు చెల్లుబాటు గురించి అంతగా పట్టుబట్టిన నేలపైనే, నాలుగు దశాబ్దాలైనా గడవకముందే, ఒక స్త్రీ హస్తనిక్షేపణ చేసే స్థానంలో నిలిచారు!

ఆమె ఆ ప్రాంతపు బిడ్డే. 1980ల తొలి సంవత్సరాలలో అభిషేకం పొంది, సుమారు మూడు దశాబ్దాలు పరిచర్య చేసిన తరువాత ఆ పీఠానికి వచ్చారు. ఆ మధ్యకాలమే మన చరిత్రలలో సరిగా వ్రాయబడలేదు.

ఇక్కడ యూదుల చరిత్ర మనకు సహాయపడుతుంది. 'రబ్బీ' అంటే బోధకుడని యోహాను సువార్త ద్వారా మనకు తెలుసు. అమెరికాలోని సంస్కరణవాద రబ్బీల సభ స్త్రీకి ఆ అభిషేకం నిరాకరించడం న్యాయం కాదని 1922లోనే తీర్మానించింది. వారి వేదాంత కళాశాల పాలకవర్గం మాత్రం ఒప్పుకోలేదు. జర్మనీలో 1935లో రెగీనా యోనస్ అభిషేకం పొందారు. 1944లో ఆష్విట్జ్‌లో ఆమెను చంపారు. ఆమె కాగితాలు 1991 వరకు బెర్లిన్ దస్త్రాలలో మరుగునపడి ఉన్నాయి. చివరకు 1972 జూన్ 3న సిన్సినాటిలో సాలీ ప్రీసాండ్‌కు అభిషేకం జరిగింది. తీర్మానానికీ అభిషేకానికీ మధ్య యాభై ఏండ్లు!

అసలు కథ ఆ తరువాతే మొదలైంది. ఉద్యోగానికి కొన్ని సమాజమందిరాలు ఆమెను పిలవనేలేదు. న్యూయార్క్‌లోని స్టీఫెన్ వైజ్ ఫ్రీ సినగాగ్ సహాయ రబ్బీగా తీసుకుంది. అక్కడ ఆమె ఏడేండ్లు పనిచేశారు. ఆ మధ్యలో, 1975లో, యూదు మతంలో స్త్రీ స్థానంపై పుస్తకమూ వెలువరించారు. ప్రధాన రబ్బీ స్థానం తనకు దక్కదని తెలిసి 1979లో విడిచిపెట్టారు. తరువాత రెండేండ్లు ఒక ఆసుపత్రిలో చాప్లెయిన్‌గా, ఒక చిన్న సమాజంలో అరపూట రబ్బీగా గడిపారు. 1981లో న్యూజెర్సీలోని మన్మౌత్ రిఫార్మ్ టెంపుల్ ఆమెను పిలిచింది. 2006లో విశ్రాంతి తీసుకునేవరకు అక్కడే ఉన్నారు. నా మట్టుకు, ఆమె జీవితంలో 1972 కంటె 1979 నుండి 1981 వరకు గల కాలమే ఎక్కువ బోధిస్తుంది.

ఈ ఇద్దరి మధ్య ఒక భేదమున్నది. దక్షిణ ఇండియా సంఘంలో గురువును ఏ పాస్టరేటుకు పంపాలో డయోసిస్ నిర్ణయిస్తుంది. ఇష్టమున్నా లేకున్నా ఆ సంఘం ఆమెను చేర్చుకోవాలి. బిషప్ విషయంలో డయోసిస్ కౌన్సిల్ ఓటుతో పంపిన పేర్లలో నుండి సినాడ్ ఎంపిక చేస్తుంది. యూదులలో అలా కాదు. రబ్బీని ఏ సమాజానికి ఆ సమాజమే పిలుచుకుంటుంది, జీతమూ అదే ఇస్తుంది. ఎంత గొప్ప తీర్మానమైనా ఆ ఇంటి తలుపు తెరవలేదు.

వరంగల్ ప్రాంతంలో బాప్టిస్టు సంఘాలు విస్తారం. వాటిలో కాపరిని పిలిచేది స్థానిక సంఘమే. ఒంగోలు ప్రార్థన కొండపై 1854 జనవరి 1న ప్రార్థించిన ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు: జూవెట్ దొరసాని, జూలియమ్మ, రూతమ్మ. ఆ పేర్లను గౌరవంగా చెప్పుకొనే సంఘంలో స్త్రీని కాపరిగా పిలవాలా అన్న మాట వచ్చినప్పుడు నంద్యాలను ఉదాహరణగా చూపితే చాలదు. అక్కడ పంపే చేయి వేరే ఉన్నది. ఇక్కడ ఓటు వేయవలసింది ఆదివారం ఎదుట కూర్చున్నవారే.