ఎంఆర్‌ఐ స్పీడు పెరిగితే బొమ్మలో దెయ్యాలు ఎందుకొచ్చాయి?

ఎంఆర్‌ఐ అనగానే అందరూ చెప్పే మాట ఒకటే: "కదలకుండా పడుకోవాలి." ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ఎంఆర్‌ఐ మన ఫోన్ కెమెరాలా ఒక్క క్లిక్‌తో ఫోటో తీయదు. ఒంట్లోంచి వచ్చే రేడియో సిగ్నల్‌ని వరస తర్వాత వరసగా పోగేసి, లెక్క కట్టి బొమ్మ తయారు చేస్తుంది. ఈలోపు మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే స్పీడు కావాలి.

1973లో పాల్ లాటర్‌బర్ ఈ దారిలో తొలి బొమ్మ చూపించారు. అందులో ఉన్నవి రెండు సన్నటి నీళ్ల గొట్టాలు, అంతే. 1977లో నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ వరసలన్నీ ఒకే ఊపులో చదివే పద్ధతి చెప్పారు. పొలంలో అరక తోలినట్టు, ఒక వరస ఇటు నుంచి అటు, తర్వాతది అటు నుంచి ఇటు. 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ ఆ రాకపోకల్లో చిన్న తేడా వచ్చినా, అసలు బొమ్మ పక్కన ఇంకో మసక బొమ్మ కనిపిస్తుంది. దాని పేరే "ఘోస్ట్". ముందే కొన్ని వరసలు విడిగా చదివి, తేడా ఎంతో కొలిచి సరిచేస్తారు.

ఇంకో దారి, వరసలే తగ్గించడం. ఒకటి విడిచి ఒకటి చదివితే టైమ్ సగమవుతుంది. కానీ బొమ్మ మడతపడి, ముక్కు వెళ్లి తల వెనక భాగం మీద పడుతుంది. 1999లో జ్యూరిచ్‌లో క్లాస్ ప్రూస్‌మన్ బృందం దీనికి ఒక ఉపాయం చూపించింది. చుట్టూ ఉన్న ఒక్కో కాయిల్ ఒక్కో వైపు నుంచి సిగ్నల్ పట్టుకుంటుంది కదా, ఆ తేడాతోనే మడత విప్పొచ్చు.

నాకు బాగా నచ్చిన మలుపు 2007లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ లస్టిగ్, డేవిడ్ డోనోహో, జాన్ పాలీ ఏమన్నారంటే, వరసలు ఒక క్రమంలో కాదు, చెల్లాచెదురుగా వదిలేయండి. అప్పుడు తప్పు ఇంకో బొమ్మలా కనిపించదు, ఇసుక చల్లినట్టు చెదురుతుంది. జేపెగ్ ఫోటో తక్కువ డేటాలో ఇమిడినట్టే, శరీరం బొమ్మా ఇముడుతుంది. ఆ గుణం పట్టుకుని ఇసుకలోంచి బొమ్మను వేరు చేయొచ్చు. అదే స్టాన్‌ఫర్డ్‌లో పిల్లల రేడియాలజిస్ట్ శ్రేయస్ వాసనవాలా, లస్టిగ్‌తో కలిసి దీన్ని చిన్నపిల్లల స్కాన్‌లకు వాడారు. కదలకుండా ఉండలేని పిల్లలకు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, కాబట్టి అక్కడ తగ్గే ప్రతి నిమిషమూ విలువైనదే.

ఇప్పుడు ఏఐ వంతు. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ కలిసి ఫాస్ట్ఎంఆర్‌ఐ మొదలుపెట్టాయి. 2020లో పెట్టిన పోటీలో, కొన్ని ఏఐ బొమ్మల్లో అసలు లేని వివరాలు వచ్చాయని వాళ్ల నివేదికలోనే రాశారు.

పాత ఘోస్ట్‌ని చూడగానే డాక్టర్ గుర్తుపట్టేవారు. శుభ్రంగా కనిపించే అబద్ధాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే స్పీడుతో పాటు, బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చో కూడా అడగాలి.