నానీమా పాన్‌దాన్ వెండిదేనా? అమ్మే ముందు చూడాల్సినవి

పాత పాన్‌దాన్, గులాబ్‌పాష్, అత్తర్‌దాన్ ఇంట్లో ఉంటే, ఉండి నుంచి భీమవరం బజారుకు తీసుకెళ్లి తూకానికి ఇచ్చేసే ముందు ఒకసారి తిరగేసి చూడాలి. తూకానికి వెండి ధరే వస్తుంది, పనితనానికి పైసా రాదు.

అడుగున ‘925’ ఉంటే సాధారణంగా 92.5 శాతం వెండి. నడిచే సింహం ముద్ర ఇంగ్లండుది, అదీ అంతే. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అంటే మాత్రం వెండి పూతే. లోపలిది జర్మన్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింక్. పేరులో తప్ప వెండి ఉండదు.

ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. మన దగ్గర బీఐఎస్ వెండి హాల్‌మార్క్ వచ్చిందే 2005లో. అప్పుడు అరిగిన చోట్లు చూడాలి: మూత అంచు, అడుగు, చెయ్యి పడే చోటు. అక్కడ పసుపో ఎరుపో బయటపడితే పూత. అయస్కాంతం పరీక్షతో పెద్దగా తేలదు. వెండి అంటుకోదు సరే, ఇత్తడి మాత్రం అంటుకుంటుందా?

సన్నటి వెండి తీగల అల్లిక ఉంటే కరీంనగర్ ఫిలిగ్రీ కావచ్చు, దానికి 2007లో జీఐ గుర్తింపు దక్కింది. నల్లటి లోహంలో వెండి పొదిగి ఉంటే బీదరు పని, అందులో ఎక్కువ భాగం జింకే.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం గీత పడకుండా శాతం చెబుతుంది. కానీ అది చదివేది పైపొరనే, కాబట్టి అరిగిన చోట కూడా పెట్టి చూపించమని అడగాలి.