'మాంతెకా' అంటే వెన్నా, పంది కొవ్వా? దేశాన్ని బట్టి మారే స్పానిష్ మాటలు

స్పానిష్ సుమారు 20 దేశాల్లో అధికార భాష. వ్యాకరణం దాదాపు ఒక్కటే. కానీ రోజూ వాడే వస్తువుల పేర్లు మాత్రం దేశాన్ని బట్టి మారిపోతాయి.

ఇంటి వస్తువులు: కంప్యూటర్‌ను స్పెయిన్‌లో 'ఓర్దెనదోర్' అంటారు, మెక్సికోలో 'కొంపుతదోరా'. బాల్‌పెన్ను స్పెయిన్‌లో 'బొలీగ్రఫో', మెక్సికోలో 'ప్లూమా', అర్జెంటీనాలో 'బిరోమే'. స్పెయిన్‌లో 'బొంబీయా' అంటే బల్బు. చిలీలో అదే మాటకు కూల్‌డ్రింక్ తాగే స్ట్రా అని అర్థం.

అరబీ నుంచి వచ్చినవి: స్పెయిన్‌లో 711 నుంచి 1492 దాకా ముస్లింల పాలన ఉంది. ఆ జాడ మాటల్లో మిగిలింది. స్విమ్మింగ్ పూల్‌కు మెక్సికోలో వాడే 'అల్బెర్కా' అరబీ 'అల్-బిర్కా'యే. స్పెయిన్‌లో మాత్రం 'పిసీనా' అంటారు. మన ఖుబానీ పండు స్పెయిన్‌లో 'అల్బరికోకే', అదీ అరబీ మాటే. అర్జెంటీనాలో దాన్ని డమాస్కస్ నగరం పేరుతో 'దమాస్కో' అంటారు.

హలాల్ చూసుకునేవారికి: అర్జెంటీనాలో 'మాంతెకా' అంటే వెన్న. మెక్సికో, స్పెయిన్‌లలో మామూలుగా పంది కొవ్వు. అక్కడ వెన్నను 'మాంతెకీయా' అంటారు. మెక్సికోలో తమాలెస్‌లో, మెదిపి వేయించిన చిక్కుడు గింజల్లో కూడా మాంతెకా వేస్తుంటారు. మాంసం కనిపించకపోయినా అడిగి తినాలి. ప్యాకెట్ మీద 'సెర్దో' అని ఉంటే అది పందిదే.