రంగం బాకీ, కువైట్ బాకీ

ధవళేశ్వరం ఆనకట్ట నాలుగు భాగాల్లో ఒకదానికి ర్యాలి పేరే పెట్టారు. ర్యాలి ఆత్రేయపురం మండలంలోని ఊరు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నాటి నుంచి గోదావరి నీళ్లు బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి మళ్లి, లొల్ల లాకుల మీదుగా కోనసీమ అంతటా పారుతున్నాయి. కరువులకు చితికిపోయిన జిల్లా వరి పంటకు పెట్టింది పేరయింది. అయినా ఆ పచ్చటి పొలాల మధ్య నుంచే వేలాది మంది ఓడలెక్కారు. కాలువ తడిపింది పొలం ఉన్నవాళ్ల పొలాన్ని. సెంటు భూమి లేని కూలీకి ఊడ్పులకూ కోతలకూ తప్ప పని ఉండేది కాదు. మిగతా నెలలు గడవాలంటే అప్పు చెయ్యాలి, లేదా రంగం వెళ్లాలి.

రంగం అంటే రంగూన్. కోరంగి రేవు నుంచి, తర్వాత కాకినాడ నుంచి బర్మాకు ఓడలు నడిచేవి. అందుకే బర్మావాళ్లు తెలుగువాళ్లను ‘కొరంగీ’లన్నారు. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసింది, రేవులో సరుకు దించింది, రిక్షాలు లాగింది ఎక్కువగా వీళ్లే. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు.

కూలీకీ కంపెనీకీ మధ్య మేస్త్రీ ఉండేవాడు. ఊళ్లోకి వచ్చి ఇంటి ఖర్చుకు కొంత బయానా ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. పని చేసింది కూలీ అయినా, కంపెనీ డబ్బు కాంట్రాక్టరుకు ముట్టేది. అతని నుంచి పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ నుంచి చిన్న మేస్త్రీకి వచ్చేది. ఒక్కో చెయ్యి దాటుతున్నకొద్దీ బయానా, వడ్డీ, కమీషన్ పేరిట కోత పడేది. లెక్క రాసేది మేస్త్రీ, చదవగలిగేదీ అతనే. ఈ కోతలనూ ఆలస్యాలనూ రంగూన్‌లో వలస కార్మికుల రక్షణ శాఖలో పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో తన పుస్తకంలో వివరంగా నమోదు చేశాడు.

చట్టం ఉన్నా వీళ్లకు అందలేదు. 1922 వలస చట్టం కింద సిలోన్, మలయా కూలీల మీద ప్రభుత్వ పర్యవేక్షణ వచ్చింది. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి అక్కడికి వెళ్లడం వలస కిందికే రాలేదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె ముగియగానే ఆ కొత్తవాళ్లను పంపేశారు. దాంతో చెలరేగిన అల్లర్లలో పెద్ద సంఖ్యలో తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జీతం నెల దాటి ఆపకూడదని, ఇష్టం వచ్చినట్టు కోయకూడదని చెప్పిన వేతన చెల్లింపు చట్టం 1936లో వచ్చింది. మొదట్లో అది ఫ్యాక్టరీలకూ రైల్వేలకూ పరిమితం. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో ఓడ దొరికినవాళ్లు ఓడ మీద, దొరకనివాళ్లు అరకాన్, మణిపురం కొండల మీదుగా నడిచి వచ్చారు. ఆగిపోయిన కూలి కోసం ఏ తలుపు తట్టాలో చెప్పేవాళ్లు లేరు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పని పుట్టినప్పుడు దారి పడమరకు తిరిగింది. కోనసీమ నుంచి ఈసారి ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో వెళ్లారు. కువైట్, ఒమన్, ఖతార్, బహ్రెయిన్ ఇళ్లలో వంటకూ పిల్లల పెంపకానికీ కుదిరారు. మేస్త్రీ ఉన్న చోట ఏజెంటూ, వీసా ఇచ్చే యజమాని అయిన కఫీలూ చేరారు. అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి, కఫీల్‌కే ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు కూడా చాలాసార్లు అతని బీరువాలోనే ఉంటుంది. జీతం అడిగి, రాక, ఇల్లు విడిచి బయటపడితే ‘పారిపోయింది’ అని కేసు పెడతారు.

కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం చేసి, 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించింది. ఆరు నెలలు ఆగితే 360 దినార్లు. అప్పటి మారకంలో దాదాపు 80 వేల రూపాయలు. ఇక్కడ ఇంటి దగ్గర లెక్క వేరుగా నడుస్తుంది. వీసాకు లక్ష అప్పు తెచ్చి ఉంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకున్నా ఆరు నెలలకు 12 వేలు. పుస్తెలతాడు తాకట్టులో ఉంటే దాని వడ్డీ అదనం. అక్కడ జీతం ఆగిన నెలలోనే ఇక్కడ పిల్లల ఫీజు ఆగుతుంది. తిరిగొచ్చిన మనిషి చేతికి బాకీ రాదు, తలమీద అప్పు మాత్రం ఉంటుంది.

2018లోనూ 2020లోనూ కువైట్ అకామా లేకుండా ఉన్నవాళ్లకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు చాలామంది ఆ అవకాశంతో బయటపడ్డారు. 2020 మేలో, కోవిడ్ కాలంలో చిక్కుకున్నవాళ్లను ఇంటికి చేర్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. ముందు ప్రాణాలతో ఇంటికి చేరాలన్న తొందరలో రావలసిన జీతం సంగతి కాగితం మీద పెట్టకుండానే ఎందరో విమానం ఎక్కారు. ఆ జూన్‌లోనే ఆసియా దేశాల వలస కార్మిక సంఘాల వేదిక దీన్ని జీతాల దోపిడీ అని నిలదీసి, న్యాయం కోసం ప్రచారం ప్రారంభించింది.

ఇలాంటి దెబ్బ తిన్న ఇంటికి మొదట కావలసింది రేపటి ఖర్చుకు డబ్బు. ఆత్రేయపురంలో ఆ అండ ఒకటి ఉంది, పూతరేకుల పని. బోర్లించినట్టున్న కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. బియ్యం నానబెట్టి రుబ్బిన పలచటి పిండిలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. మంట కాస్త పెరిగితే మాడుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. నెయ్యి రాసి, పంచదార పొడి గానీ బెల్లం గానీ చల్లి చుట్టే పని వేరు, దానికి వేరే చేతులుంటాయి. రేకు తీసే ఇంట్లోనూ, చుట్టే దుకాణంలోనూ పని ఎక్కువగా ఆడవాళ్లదే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని నమోదు చేయించుకున్న తయారీదారుల సంక్షేమ సంఘం పేరులో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఉన్నాడు. వేడికి ఒళ్లు కాలే పని ఇది, కూలి గొప్పగా ఉండదు. అయినా కొన్నవాళ్లు ఎదురుగా ఉంటారు, లెక్క కళ్ల ముందు జరుగుతుంది, పాస్‌పోర్టుతో పని లేదు.

అప్పు తీరడానికి ఇదొక్కటే చాలదు. నూటికి రెండు మూడు రూపాయల ప్రైవేటు అప్పును తక్కువ వడ్డీ అప్పుగా మార్చడం మొదటి మెట్టు. 2011లో ఏర్పడిన స్త్రీనిధి, డ్వాక్రా సంఘాల ద్వారా అలాంటి అప్పు ఇవ్వగలదు. బాకీ వసూలుకూ రంగం నాడు లేని దారులు ఇప్పుడున్నాయి. 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి, 2015 నుంచి ఫిర్యాదులకు మదద్ పోర్టల్ ఉన్నాయి. తిరిగి వచ్చేసినా అధికార పత్రం రాసిస్తే బాకీ కేసు అక్కడ కొనసాగించవచ్చు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ ఆడమనిషికైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఏజెంటు మీద కేసుకు అది పనికొస్తుంది.

అమలాపురంలో కోనసీమ జిల్లా యంత్రాంగం వలసల కోసం ఒక కేంద్రం నడుపుతోంది. చిక్కుకున్నవాళ్లను వెనక్కి రప్పించడంతో దాని పని ఆగిపోకూడదు. తిరిగొచ్చిన వారంలోనే ప్రతి మనిషి దగ్గరా కూర్చుని ఏ నెల నుంచి జీతం ఆగింది, ఒప్పుకున్నది ఎంత, చేతికి వచ్చింది ఎంత, కఫీల్ ఎవరు, ఏజెంటు ఎవరు, ఫోన్‌లో మిగిలిన మెసేజీలు ఏమిటి అన్నీ రాయించాలి. ఆత్రేయపురం లాంటి మండలాల్లో ఆ పని డ్వాక్రా గ్రామ సంఘం సమావేశంలోనే జరగవచ్చు. అప్పుల పుస్తకం ఎలాగూ అక్కడే ఉంటుంది, దాని పక్కనే రావలసిన జీతాలకు మరో పుస్తకం తెరవాలి.